నాలుగు కంపెనీలు, మూడు దుకాణాలు

భోపాల్‌పట్నం,
11 ఫిబ్రవరి 2024

చిరంజీవి భానుకు,

రేణుకక్క రాస్తున్నాను. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావేమో. ఫోన్‌లో అడిగితే "చూద్దాంలే అక్కా" అని పెట్టేస్తావు. కాగితం మీద అడిగితే కాగితం మీద చెప్పక తప్పదు. పైగా రాయ్‌పూర్‌లో మీ ఆఫీసు మొత్తానికి తెలుగు చదవగలిగినవాడివి నువ్వొక్కడివే అన్నావు కదా, మీ కంపెనీని నాలుగు తిట్లు తిట్టుకోవడానికి ఇదే హాయి. చిన్నాన్న నిన్ను చదువుకని మా ఇంట్లో దింపినప్పుడు నీకు అక్షరాలు దిద్దించింది నేనే. నా చేతిరాత అర్థం కాలేదని మాత్రం అనకు.

సంగతేమిటంటే, మూడేళ్లుగా మన పుస్తకాల దుకాణంలో ఈ-బుక్కులు అమ్ముతున్నాను. నీ మాట విని మొదలుపెట్టిందే. పోటీ పరీక్షల గైడ్లు వేసే మీ కంపెనీ, ఒక్కో పుస్తకం తెరవడానికి ఒక్కో కోడ్ చొప్పున పంపుతుంది. నూటపదికి కొంటాను, నూటయాభైకి అమ్ముతాను. కొన్నవాళ్ళ ఫోన్‌లోకి దుకాణంలోనే పుస్తకం దించి, ఎలా తెరవాలో చూపించి పంపుతాను. లోపలి ఊళ్ళలో సిగ్నల్ ఉండదు, వాళ్ళకి ఆ పని ఇక్కడే జరగాలి. అచ్చు పుస్తకమైతే మూడు వందలు, కొనేవాళ్ళు లేక తెప్పించడం మానేశాను. మద్దేడ్ అవతలి ఊరి నుంచి దుర్గ అని ఒకమ్మాయి వస్తుంది, టీచరు పరీక్షకి చదువుతోంది. అలాంటి వాళ్ళకి నూటఇరవైకే ఇచ్చేస్తాను.

ఇప్పుడు మీ కంపెనీ నుంచి కొత్త ఒప్పందం వచ్చింది. ఏప్రిల్ నుంచి నేను కొని అమ్మేదాన్ని కాదట, ఏజెంటునట. ధర మీవాళ్ళే పెడతారు, రెండువందల నలభై. రూపాయి తగ్గించడానికి లేదు. నాకు ఇరవైనాలుగు కమిషన్. సంతకం పెట్టకపోతే కోడ్‌లు బంద్. సరే, మీవాళ్ళకి పొగరెక్కిందనుకున్నాను. అదే వారంలో ఇంకో మూడు కంపెనీల నుంచి అదే కాగితం వచ్చింది! పేరు మార్చారు, మిగతాదంతా పొల్లు పోకుండా అదే. ఒకడే కూర్చుని నాలుగుసార్లు రాసినట్టుంది.

రెండువందల నలభై పెట్టి ఇక్కడ ఎవరు కొంటారురా? కోడ్‌లు పోతే దుకాణంలో మిగిలేవి నోటుబుక్కులు, పెన్నులు. వాటితో దుకాణం నడవదు. నా దుకాణంలో నా ధర నేను పెట్టుకోకూడదా? దీనికి చట్టమేమంటుంది? నువ్వు లైసెన్సుల విభాగంలోనే ఉన్నావు, నీకు తెలియకుండా ఉండదు. దాచకుండా రాయి.

మరదలికీ, పాపకీ ఆశీస్సులు.

మీ అక్క
రేణుక


రాయ్‌పూర్,
3 మార్చి 2024

రేణుకక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. ఆలస్యానికి ఏమీ అనుకోకు, ఆర్థిక సంవత్సరం ముగింపు కదా, ఊపిరాడటం లేదు.

నువ్వడిగింది నాకు తెలిసినంతలో చెప్తాను. ఇన్నాళ్ళూ నువ్వు కోడ్ కొనుక్కునేదానివి. కొన్నాక సరుకు నీది. ఇంతకి తగ్గించి అమ్మకూడదని కంపెనీ నిన్ను కట్టడి చేస్తే పోటీ చట్టం దాన్ని ప్రశ్నిస్తుంది. అందుకే పద్ధతి మార్చారు. ఇకమీదట నువ్వు కొనవు. సరుకు చివరిదాకా కంపెనీదే, నువ్వు మధ్యలో అమ్మిపెట్టే మనిషివి. తన సరుకుకి తాను ధర పెట్టుకోవడం తప్పెలా అవుతుందని వాళ్ళ వాదన. పెద్ద పెద్ద దేశాల్లోనే ఈ పద్ధతి మీద కోర్టుల్లో ఏళ్ళ తరబడి కొట్లాడారు.

ఒక కంపెనీ తనంతట తాను చేస్తే ఇలా. పోటీ పడాల్సినవాళ్ళు ఒక చోట కూర్చుని అందరం ఇలాగే చేద్దామని అనుకుంటే అది వేరే కథ, అది చాలా పెద్ద తప్పు. కానీ అలా కూర్చున్నారని ఎవరూ నిరూపించలేరు. ఒకరిని చూసి ఒకరు చేశారంటారు.

మా ఆఫీసులో ఇలాంటివన్నీ పైవాళ్ళు చూసుకుంటారు. నా దాకా రావు. నా సలహా అడిగితే, సంతకం పెట్టెయ్ అక్కా. ఇరవైనాలుగైనా వస్తాయి. పెద్దవాళ్ళతో పెట్టుకుని మనం గెలవలేం.

నీ తమ్ముడు
భానుప్రసాద్


భోపాల్‌పట్నం,
14 ఏప్రిల్ 2024

భానూ,

సంతకం పెట్టలేదు. పెట్టను. జగ్దల్‌పూర్ వెళ్ళి ఒక వకీలుని పట్టుకున్నాను. ఈ పోటీ చట్టం కేసులు చూడటానికి ఢిల్లీలో కాంపిటీషన్ కమిషన్ అని ఉందట. నాలుగు కంపెనీలూ ఒకే వారంలో ఒకే మాటలతో పంపిన నాలుగు కాగితాలూ పెట్టి ఫిర్యాదు రాయిస్తున్నాను. నువ్వు చెప్పిన మాటే ఆయనా చెప్పాడు, కూర్చుని మాట్లాడుకున్నట్టు తేలితే తప్పించుకోలేరని. చూశావా, నిన్ను ఊరికే చదివించలేదు మేము.

నిన్న మద్దేడ్ అంగడికి వెళ్ళాను, వారం వారం జరిగే సంతకి. అక్కడ రామనర్సయ్య దుకాణం ఉంది కదా, నాలాగే కోడ్‌లు అమ్ముతాడు. బాసగూడలో ఫోన్ రీచార్జీల దుకాణం పెట్టిన సీతయ్య కూడా రెండు బస్సులు మారి వచ్చాడు. ముగ్గురికీ ఇదే కాగితం, ఇదే గోడు. ఫిర్యాదులో తామూ చేరతామన్నారు. పక్కనే ఆడవాళ్ళు చింతపండు గంపలు పెట్టుకుని కూర్చున్నారు. నీకు గుర్తుందో లేదో, షావుకారి లారీ రాకముందే వాళ్ళు ఇంతకి తక్కువ ఇవ్వకూడదని మాట్లాడుకుంటారు. ఒక్కరు జారినా ఆ పూట అందరికీ దెబ్బే. రామనర్సయ్య వాళ్ళని చూపించి, "ఏంది రేణుకమ్మా, ఆ ఆడోళ్ళకున్న తెలివి మనకు లేకపాయె! మనం ముగ్గురం ఒక్క మాట మీద ఉంటే ఎవడేం జేస్తడు?" అన్నాడు. సీతయ్య ఇంకో మాట అన్నాడు: "నేను నూటముప్పైకిచ్చి, నువ్వు నూటయాభైకిస్తే మనల్ని మనమే కోసుకున్నట్టు గాదా?" నిజమే అనిపించింది.

అక్కడే కూర్చుని తీర్మానం రాసుకున్నాం, తెలుగులోనే. ముగ్గురిలో ఎవరూ కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టకూడదు. ఉన్న కోడ్‌లు ముగ్గురూ నూటయాభైకే అమ్మాలి, తగ్గించకూడదు. మూడు ప్రతులు, మూడింటి మీదా మూడు సంతకాలు. చేసి లేచేసరికి నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఇంటికొచ్చాక దుర్గ గుర్తొచ్చింది. ఆ పిల్ల దగ్గర నూటయాభై ఎలా తీసుకోను? నా ప్రతిలో సంతకాల పైన కాస్త ఖాళీ ఉంటే ఒక వాక్యం నేనే ఇరికించాను: లోపలి ఊళ్ళ విద్యార్థులకు రేణుక నూటఇరవైకి ఇచ్చును. వాళ్ళిద్దరికీ చెప్పలేదు. చెప్తే ఒప్పుకునేవాళ్ళే, మళ్ళీ అంత దూరం ఎవరు వెళ్తారు.

దాని జిరాక్సు నీకు పంపుతున్నాను. అసలుది నా పెట్టెలో ఉంది. ఫిర్యాదుతో జత చేస్తే బలంగా ఉంటుందా? వెంటనే రాయి.

మీ అక్క


రాయ్‌పూర్,
2 మే 2024

అక్కా,

ఆ కాగితం ఫిర్యాదుతో పెట్టకు. ఎవరికీ చూపించకు. జిరాక్సు నా దగ్గర భద్రంగా ఉంటుంది.

కొన్నాళ్ళు ఆఫీసుకి ఫోన్ చేయకు. ఇక్కడ వాతావరణం బాగాలేదు. పాపకి ఒంట్లో నలతగా ఉండింది, ఇప్పుడు నయం.

భాను


భోపాల్‌పట్నం,
20 నవంబర్ 2024

భానూ,

ఆరు నెలలైంది నీ దగ్గర్నుంచి ముక్క వచ్చి. పాప ఎలా ఉంది?

మొన్న వకీలు పిలిపించాడు. మా ఫిర్యాదుకి కంపెనీలు జవాబులు దాఖలు చేశాయట. మేము ఎవరితోనూ మాట్లాడుకోలేదు, ఎవరి వ్యాపారం వారిదే, అని నాలుగూ ఒకే పాట. మీ కంపెనీ జవాబులో మాత్రం ఇంకొకటుంది. ధరలు కలిసి కట్టింది మేము కాదు, ఫిర్యాదుదారులే, అని రాశారు. వెనక మా తీర్మానం ఉంది. అక్షరాలు మసకబారిన మా తెలుగు కాగితం జిరాక్సు, దాని పక్కన శుభ్రంగా టైపు చేసిన హిందీ అనువాదం.

వకీలు తల పట్టుకున్నాడు. పోటీ పడాల్సిన మూడు దుకాణాలు ఇంతకి తక్కువ అమ్మకూడదని రాసుకుంటే, చట్టం దృష్టిలో మేం చేసిందీ ఆ నాలుగు కంపెనీలు చేసిందీ ఒకటేనట. చింతపండు ఆడవాళ్ళు చేసేదే కదయ్యా అంటే, "వాళ్ళు కాగితం రాసి సంతకాలు పెట్టలేదు కదమ్మా" అన్నాడు. నువ్వు మార్చిలోనే రాశావు, పోటీ పడాల్సినవాళ్ళు ఒక చోట కూర్చుంటే అని. చదివాను. అది పెద్దవాళ్ళకి అనుకున్నాను. నాకని అనుకోలేదు.

రామనర్సయ్యకి, సీతయ్యకి జరిమానా భయం పట్టుకుంది. ఇద్దరూ ఫిర్యాదు నుంచి తప్పుకుని మీ కంపెనీకి సంతకం పెట్టేశారు. నాకు కోడ్‌లు ఆగిపోయి ఏడు నెలలు. దుర్గ ఎవరిదో ఫోన్ నుంచి పాత సంవత్సరం గైడు ఫోటోలు ఎక్కించుకుని చదివి పరీక్ష రాసింది. సిలబస్ మారిందని హాల్లో కూర్చున్నాకగాని ఆ పిల్లకి తెలియలేదు.

ఒక్క మాట అడుగుతాను. మీ ఆఫీసులో ఈమధ్య తెలుగు చదివేవాళ్ళు ఎవరైనా కొత్తగా చేరారా?

రేణుక


రాయ్‌పూర్,
8 డిసెంబర్ 2024

అక్కకు నమస్కారాలు.

విషయం తెలిసి చాలా బాధపడ్డాను. ఇక్కడ తెలుగు వచ్చినవాళ్ళు కొత్తగా ఎవరూ చేరలేదు గానీ, అనువాదానికి బయటివాళ్ళు దొరక్కపోరు.

ఆ కాగితం మూడు ప్రతులు కదా. నువ్వు నీ వైపే చూసుకుంటున్నావు. రామనర్సయ్యకి మీ ముగ్గురిలో అందరికన్నా ముందు ఏజెన్సీ ఇచ్చారని ఇక్కడ విన్నాను. ఊరికే ఇవ్వరు కదా. నేనెవరి మీదా నింద వేయడం లేదు, నువ్వే ఆలోచించు. నా దగ్గర ఉన్నది ఉన్నచోటే ఉంది.

ఆరోగ్యం జాగ్రత్త.

భాను


భోపాల్‌పట్నం,
26 జనవరి 2025

భానూ,

నువ్వు ఆలోచించమన్నావు. నేను ఆలోచించలేదు, నేరుగా వెళ్ళి అడిగాను. అదే నేను చేసిన తప్పు.

మద్దేడ్‌లో అంగడి రోజు, పదిమంది ముందు, దుకాణం గుమ్మంలో నిలబడి రామనర్సయ్యని అడిగాను. ఏజెన్సీ కోసం మన కాగితం అమ్ముకున్నావా అని. గట్టిగానే అడిగాను. అతని భార్య వెంకమ్మ బియ్యం చెరుగుతున్నదల్లా చేట కింద పెట్టేసింది. అతను లోపలికి వెళ్ళి తన ప్రతి తెచ్చాడు. వకీలు ఇచ్చిన కంపెనీ జవాబు నా సంచిలోనే ఉంది. దాన్ని అడిగి తీసుకుని రెండూ గల్లా పెట్టె మీద పక్కపక్కన పెట్టాడు.

"నాకు హిందీ నీ కంటే ఎక్కువే వస్తది రేణుకమ్మా. ఇగో, గీ మాట జూడు. లోపలి ఊర్ల పిల్లలకు రేణుక నూటఇరవైకి ఇస్తదని ఉన్నది. నా కాగితంల ఏది? చదువు, ఏడున్నదో జూపియ్యి" అన్నాడు.

అతని కాగితం పైనుంచి కిందదాకా చదివాను, ఆ మాట లేదు.

"సీతయ్య దాంట్ల గూడ లేదు, నేను జూసిన. అంటే ఇది నీ కాగితమే. మాకేమో నూటయాభైకి తగ్గొద్దని సంతకం బెట్టిస్తివి. ఎనక నువ్వు నూటఇరవై రాసుకుంటివి. గదేం పద్ధతి? అడిగితే మేము వద్దంటుమా? ఇప్పుడొచ్చి నన్ను దొంగను జేస్తివి."

వెంకమ్మ, "పోనియ్యి, నీళ్ళు తాగి పొమ్మను" అంది. ఆ నీళ్ళు కూడా తాగలేకపోయాను. బస్సులో వస్తూ ఏడ్చాను. ఎవరైనా చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. పదిహేనేళ్ళుగా ఒకరి దుకాణంలో సరుకు లేకపోతే ఇంకొకరి దగ్గరికి పంపుకునేవాళ్ళం.

ఆ వాక్యం ఉన్న కాగితాలు రెండే. అసలుది నా పెట్టెలో ఉంది, ఇంటికి రాగానే తీసి చూసుకున్నాను. నేను నిన్ను ఇంకేమీ అడగను.

రేణుక


రాయ్‌పూర్,
17 ఆగస్టు 2025

అక్కా,

ఏడు నెలల్లో ఈ ఉత్తరం ఎన్నిసార్లు మొదలుపెట్టానో లెక్కలేదు. నేనే ఇచ్చాను.

మొదటి నుంచీ చెప్తాను. 2023 డిసెంబర్‌లో నాలుగు కంపెనీల యజమానులు ఇక్కడ ఒక హోటల్లో కలిశారు. మా సేఠ్ నన్ను వెంట తీసుకెళ్ళాడు. దుకాణాలవాళ్ళు ధర తగ్గించి తగ్గించి ఈ-బుక్కు అంటే చవక సరుకన్న పేరు తెచ్చారని, అచ్చు పుస్తకం అమ్మకం దెబ్బతింటోందని వాళ్ళ బాధ. రెండువందల నలభై అక్కడే నిర్ణయమైంది. ఒప్పందం రాసింది నేను. ఒకడే కూర్చుని నాలుగుసార్లు రాసినట్టుందన్నావు. ఒక్కసారే రాశానక్కా, నలుగురికీ అదే పంపాను. నీ మొదటి ఉత్తరం చదివినరోజే చెప్పాల్సింది. నా దాకా రావని రాశాను.

నీ ఫిర్యాదు నోటీసు వచ్చినరోజు సేఠ్ పిలిచి, "భోపాల్‌పట్నం అంటే మీ ఊరే కదా, ఈమెకి ఇంత చట్టం ఎవరు నేర్పారు?" అన్నాడు. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఇంటి లోన్, పాప వైద్యం, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. నేను సేఠ్ మనిషినేనని చూపించుకోవడానికి బ్యాగులోంచి జిరాక్సు తీసి బల్ల మీద పెట్టాను. ఎవరూ అడగలేదు. నేనే పెట్టాను. అనువాదం కూడా నేనే చేశాను, తప్పు దొర్లితే మళ్ళీ అనుమానిస్తారని ఒక్క మాట వదలకుండా. ఆ దుర్గ కోసం నువ్వు రాసిన వాక్యం దగ్గర చేయి ఆగింది. అయినా రాశాను. తర్వాత రామనర్సయ్య పేరు ఎత్తాను చూడు, దానికి నాకు ఏ సాకూ లేదు.

ఇప్పుడు ఇక్కడ అంతా తలకిందులైంది. మిగతా మూడింట్లో ఒక కంపెనీ కమిషన్ దగ్గరికి వెళ్ళి హోటల్ సంగతి మొత్తం చెప్పేసింది. ముందుగా వచ్చి ఒప్పుకున్నవాళ్ళకి జరిమానా పూర్తిగా మాఫీ చేసే వీలు కూడా ఉంటుందట. మా సేఠ్ రెండోవాడిగా పరిగెత్తాడు. విచారణ మొదలైంది. ఒప్పందం తయారుచేసింది భానుప్రసాద్ అని మావాళ్ళే రాసిచ్చారు.

విచారణవాళ్ళు నిన్నూ అడుగుతారు, ఆ కాగితం కంపెనీకి ఎలా చేరిందని. తెలియదని చెప్పక్కా. ఎక్కడో పోయిందని చెప్పు. ఒప్పందం రాయడం అంటే సేఠ్ చెప్పిన పని, దాన్నుంచి ఎలాగో బయటపడతాను. అక్షరాలు దిద్దించిన అక్క కాగితం అమ్ముకున్నవాడని తేలితే ఇంకెక్కడా నన్ను గుమ్మం ఎక్కనివ్వరు. నిన్ను ఇలా అడిగే ముఖం నాకు లేదని తెలుసు.

భాను


భోపాల్‌పట్నం,
6 అక్టోబర్ 2025

భానూ,

విచారణవాళ్ళ ప్రశ్నలు నాకు వచ్చాయి. పదకొండున్నాయి. తొమ్మిదోది నువ్వు చెప్పిందే: ఈ పత్రం మీ దగ్గర్నుంచి ఎవరికి ఇచ్చారు?

జవాబు రాసేముందు మద్దేడ్ వెళ్ళాను. ఆ వాక్యం నేనే ఇరికించానని, కాగితం బయటపెట్టింది మా తమ్ముడని, పదిమంది ముందు అన్నదానికి పదిమంది ముందే తప్పు ఒప్పుకున్నాను. రామనర్సయ్య గల్లాలో చిల్లర లెక్కపెడుతూ విన్నాడు. చివరికి, "అయిందేదో అయింది. నువ్వు రా, పో, టీ తాగు. యాపారం మాటలు మాత్రం ఇగ మనకొద్దు" అన్నాడు. వెంకమ్మ టీ ఇచ్చింది, తాగాను. అతను తాగలేదు, ఎవరో గిరాకీ వచ్చారని లోపలికి వెళ్ళాడు. అంతకన్నా ఎక్కువ ఆశించే హక్కు నాకు లేదు.

కేసు ఎప్పటికి తేలుతుందో వకీలుకే తెలియదు. మన వైపు గెలిస్తే ఆ ధర షరతు పోవచ్చంటున్నాడు. మా ముగ్గురి తీర్మానానికి మాకేం పడుతుందో కూడా అప్పుడే తెలుస్తుంది. ఆలోపు నేను కోడ్‌ల బల్ల తీసేసి అక్కడ జిరాక్సు మిషన్ పెట్టుకున్నాను. గైడు ఉందా అని పిల్లలు ఇప్పటికీ వస్తుంటారు. లేదని చెప్పి పంపుతుంటే మనసు అదోలా అవుతుంది.

నువ్వు హోటల్ సంగతి ముందే చెప్పి ఉంటే నేను ఆ కాగితం రాసేదాన్నే కాదు. కాగితం అందినరోజు ఇది తప్పక్కా, చించెయ్ అని ఒక్క మాట రాసి ఉన్నా సరిపోయేది. అవన్నీ నీకూ తెలుసు. నీ భయం నాకు అర్థం కాక కాదు. నన్ను తలుచుకుంటేనే ఇంకా ఎక్కువ కోపం, నీ మాట పట్టుకుని ఆ మనిషిని దొంగ అన్నాను కదా అని.

తెలియదని నేను రాయలేను. వాక్యం నేనే కలిపానని రాశాను, కాగితం నీకు పంపానని రాశాను. వచ్చే బుధవారం, పదిహేనో తారీఖున రిజిస్టరు పోస్టులో వేస్తాను. ఈ ఉత్తరం నీకు శుక్రవారానికల్లా అందుతుంది. ఆ నాలుగు రోజుల్లో నువ్వే వెళ్ళి చెప్పుకో. నాకు చేతనైంది ఇంతే. నువ్వు నాకు చెప్పకుండా చేశావు, నేను నీకు చెప్పి చేస్తున్నాను.

తొమ్మిదో ప్రశ్న కింద ఒక గడి ఉంది, సదరు వ్యక్తితో మీకు సంబంధం ఏమిటని. దాని దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. పరిచయస్తుడని రాద్దామనుకున్నాను, కంపెనీ ఉద్యోగి అని రాద్దామనుకున్నాను, రెండూ అబద్ధం కావు.

చివరికి తమ్ముడు అనే రాశాను.

రేణుక